ఎపిసోడ్ 27: ట్రిప్‌లో ఆఖరి రోజు ఖాళీగా ఎందుకు ఉంచాలి? ఓరుగల్లు కోటలో ఒక రోజు

మన వరంగల్ సిరీస్‌లో ఇది మూడో భాగం, ఆఖరిది కూడా. మొదటి భాగంలో వేయి స్తంభాల గుడి, భద్రకాళి గుడి చూశాం. రెండో భాగంలో రామప్ప, లక్నవరం. ఈ రోజు ఓరుగల్లు కోట.

కోట గురించి చెప్తాను, డౌట్ పెట్టుకోకండి. దాంతో పాటు ఇంకో విషయం కూడా మాట్లాడుకుందాం. ఫ్యామిలీతో వెళ్లినప్పుడు ఆఖరి రోజుని ఎలా ప్లాన్ చేయాలి? ఎందుకంటే మనలో చాలామంది ఆ రోజుని ఎలా చూస్తామంటే, "ఇంత దూరం వచ్చాం, మళ్లీ ఎప్పుడొస్తామో, మిగిలినవన్నీ చూసేద్దాం" అని. పొద్దున్న ఆరింటికి లేపుతాం, నాలుగు చోట్ల తిప్పుతాం, సాయంత్రం బ్యాగులు మోసుకుంటూ స్టేషన్‌కి పరిగెడతాం. ఇంటికెళ్లాక అమ్మానాన్నల్ని "ఎలా ఉంది ట్రిప్" అని అడిగితే, "బానే ఉంది కానీ ఆ చివర్న ఉరుకులాటే" అంటారు. మూడు రోజులు, ఇరవై వేలు ఖర్చు, గుర్తున్నది ఆఖరి రెండు గంటలు.

ఎందుకిలా అవుతుంది? ముందు అది చూద్దాం.

మన బుర్ర లెక్క ఎలా వేస్తుంది

డేనియల్ కానెమన్ అని ఒక సైకాలజిస్ట్. 2002లో ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చింది ఆయనకి. ఆయన, ఇంకొంతమంది కలిసి 1993లో ఒక ప్రయోగం పబ్లిష్ చేశారు. చాలా సింపుల్. మనుషుల్ని పిలిచి, 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టమన్నారు. చెయ్యి జివ్వుమంటుంది. ఇంకోసారి అవే 60 సెకన్లు, దానికి అదనంగా మరో 30 సెకన్లు. కాకపోతే ఆ 30 సెకన్లలో నీళ్లని మెల్లగా 15 డిగ్రీలకి తెచ్చారు. అంటే ఇంకా చల్లగానే ఉంది, కొంచెం నయం, అంతే.

తర్వాత అడిగారు, మూడోసారి చెయ్యాలంటే ఏది చేస్తారు అని. లెక్క ప్రకారం మొదటిదే అనాలి కదా, 30 సెకన్లు తక్కువ బాధ. కానీ ఎక్కువమంది రెండోదే అన్నారు! ఎందుకంటే దాని ముగింపు కాస్త నయంగా ఉంది. మన జ్ఞాపకం మొత్తం నిమిషాల్ని కూడి సగటు తీయదు. బాగా గట్టిగా తగిలిన ఒక క్షణాన్ని, చివర్లో ఎలా ఉందో దాన్ని, ఈ రెంటినే ఎక్కువగా పట్టుకుంటుంది.

ట్రిప్ అంటే చల్లటి నీళ్లు కాదనుకోండి. కానీ ఆలోచిస్తే అర్థమవుతుంది. రామప్ప లాంటిది ట్రిప్‌కి శిఖరం. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దాన్ని మించింది మూడో రోజు చూపించాలని పోటీ పడక్కర్లేదు. మూడో రోజు చెయ్యాల్సిన పని వేరు. మంచిగా ముగించడం.

వెనక నుంచి ముందుకి ప్లాన్ చేయడం

నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను కాబట్టి రిలీజ్ డేట్ ఉన్న పని ఎలా చేస్తారో కొంచెం తెలుసు. డేట్ మారదు. కాబట్టి అక్కణ్నుంచి వెనక్కి వస్తాం. ఆఖరి రోజు కూడా అంతే. మారనిది ఒక్కటే, ట్రైన్ టైమ్.

మాది రాత్రి తొమ్మిది దాటాక ట్రైన్, వరంగల్ నుంచి ఏలూరు. వెనక్కి లెక్కపెట్టండి. ఎనిమిదింపావుకి స్టేషన్‌లో ఉండాలి. దానికి ముందు భోజనం, ఒక గంట. దానికి ముందు బ్యాగులు సర్దడం, స్నానాలు, ఆరుగురికి గంటన్నర. అంటే సాయంత్రం ఐదున్నరకి రూముకి చేరాలి. మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు పెద్దవాళ్లు పడుకోవాలి. ఇవన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది పొద్దున్న నాలుగు గంటలు, సాయంత్రం ఒక గంటన్నర. ఇంతే. ఆఖరి "రోజు" అనుకుంటాం కానీ నిజానికి అది ఆరు గంటల లోపే.

అందుకే నా రూల్: ఒక పెద్ద చోటు, ఒక చిన్న చోటు, మిగతాది ఖాళీ.

మా అక్క ఒప్పుకోలేదు. పాకాల చెరువు కూడా కలపమంది. గణపతిదేవుడి కాలం నాటి చెరువు, అడవి మధ్యలో, చాలా బావుంటుంది, నిజమే. కానీ ఊరి నుంచి 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే రానూపోనూ వందా. ట్రైన్ ఉన్న రోజు ఊరు దాటి వంద కిలోమీటర్లు వెళ్లడమంటే, ఒక టైర్ పంక్చర్ అయితే చాలు మొత్తం పోయినట్టే. సో ఇంకో రూల్: దూరంగా ఉన్నవి మొదటి రోజుల్లో, స్టేషన్‌కి దగ్గరగా ఉన్నది ఆఖర్న. రామప్ప దాదాపు 70 కిలోమీటర్లు, అది రెండో రోజు పెట్టాం. కోట వరంగల్ స్టేషన్‌కి దగ్గర్లోనే, ఆటోలో వెళ్లేంత. అందుకే అది మూడో రోజుకి వచ్చింది. కోట తక్కువ ముఖ్యమని కాదు.

ఇక్కడే ఒక చిన్న హెచ్చరిక. ఈ ఊళ్లో పెద్ద స్టేషన్లు రెండు, కాజీపేట, వరంగల్. మధ్యలో ఊరంతా ఉంది. కొన్ని ట్రైన్లు ఒకదాంట్లోనే ఆగుతాయి. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో ముందు రోజే చూసుకోండి.

కోట: ఉల్లిపాయ పొరల్లాంటి ఊరు

సరే, కోటకి వద్దాం. ముందు చిన్న బ్యాక్‌గ్రౌండ్.

కాకతీయుల రాజధాని మొదట హనుమకొండ. వేయి స్తంభాల గుడి అక్కడే ఉంది కదా, రుద్రదేవుడి 1163 నాటి శాసనం ఉన్నది. ఆ తర్వాత రాజధాని ఓరుగల్లుకి మారింది. రాతికోటని గణపతిదేవుడి కాలంలో పెద్ద ఎత్తున కట్టారు, ఆయన 1199 నుంచి పాలించాడు. ఆ పనిని పూర్తి చేసింది ఆయన కూతురు రుద్రమదేవి. మార్కో పోలో పేరు విన్నారుగా, ఆయన మోటుపల్లి రేవు వైపు రాజ్యం గురించి రాస్తూ ఒక రాణి పాలిస్తోందని రాశాడు. ఆ రాణి మన రుద్రమే.

ఓరుగల్లు అనే పేరు ఎలా వచ్చిందంటే, ఒరు అంటే ఒక్క, కల్లు అంటే రాయి. సంస్కృతంలో ఏకశిలా నగరం. కోట లోపల ఆ గుట్ట ఇప్పటికీ ఉంది, ఏకశిల గుట్ట అంటారు. నున్నగా, ఒకే బండ. పైకి మెట్లున్నాయి, మీద చిన్న గుడి.

ఇప్పుడు కోట ప్లాన్ ఊహించుకోండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టండి, ఫోర్ట్ వరంగల్ అని కొట్టండి. గుండ్రంగా కనిపిస్తుంది. దగ్గరికి జరిపితే వలయం లోపల వలయం. మధ్యలో స్వయంభూ శివుడి గుడి ఉండేది. దానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. చుట్టూ ఊరు. ఊరి చుట్టూ రాతి గోడ, దాని బయట కందకం. ఆ బయట మట్టి గోడ, దానికీ కందకం. ఇంకా బయట చాలా దూరంలో మరో మట్టి కట్ట.

ఇన్ని పొరలు ఎందుకు? మన ఫోన్‌లో లాక్ ఉంటుంది, యాప్‌కి మళ్లీ పిన్ ఉంటుంది, డబ్బు పంపేటప్పుడు ఇంకో పిన్ అడుగుతుంది. ఎవడైనా ఒకటి దాటినా రెండోది ఆపాలి. కనీసం లేటు చెయ్యాలి. అదే లాజిక్.

మట్టి గోడ అనగానే మనకి చులకన. మా బావ కూడా "రాయి ఉండగా మట్టెందుకు" అన్నాడు. కానీ మట్టి కట్ట చాలా తెలివైన పని. అప్పటి ముట్టడుల్లో పెద్ద పెద్ద రాళ్లని యంత్రాలతో విసిరేవాళ్లు. రాతి గోడకి తగిలితే పగులుతుంది, పెచ్చులూడుతుంది. లావాటి మట్టి కట్ట మాత్రం ఆ దెబ్బని మింగేస్తుంది. 1310లో ఢిల్లీ నుంచి మాలిక్ కాఫూర్ సైన్యం వచ్చి ఈ కోటని ముట్టడించింది. ఆ దండయాత్ర గురించి అమీర్ ఖుస్రో రాశాడు. గెలవడానికి వచ్చిన వాళ్ల వైపు కవి, ఆయనే ఈ మట్టి గోడ ఎంత గట్టిదో చెప్పుకొచ్చాడు. శత్రువు పక్షం వాడే మెచ్చుకున్నాడంటే అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి?

అప్పుడు ప్రతాపరుద్రుడు సంపద ఇచ్చి సంధి చేసుకున్నాడు. 1323లో మాత్రం కోట పడిపోయింది. వచ్చినవాడు ఉలుగ్ ఖాన్, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సుల్తాన్ అయినవాడు. ప్రతాపరుద్రుణ్ని బందీగా పట్టుకున్నారు, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అని మార్చారు. కాకతీయుల కథ అక్కడితో అయిపోయింది.

కోట గుమ్మం దగ్గర నాన్న చెప్పిన పాఠం

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పార్ట్. రాతి గోడకి నాలుగు దిక్కులా గుమ్మాలు ఉన్నాయి. ఇప్పటికీ రోడ్డు వాటిగుండానే వెళ్తుంది, లోపల జనం కాపురాలుంటున్నారు, పిల్లలు స్కూళ్లకి వెళ్తుంటారు, ఆటోలు తిరుగుతుంటాయి. మ్యూజియంలా గాజు పెట్టెలో పెట్టిన కోట కాదు.

ఆ గుమ్మంలోకి వెళ్తే దారి సూటిగా పోదు. లోపలికి రాగానే ఎదురుగా గోడ, పక్కకి తిరగాలి, మళ్లీ తిరగాలి. వీటిని వంపు ద్వారాలు అనుకోండి. నేను కెమెరా పట్టుకుని, "ఏనుగుతో తలుపులు గుద్దించకుండా ఉండటానికి, గుర్రాలు స్పీడ్ అందుకోకుండా" అని ఏదో చదివింది చెప్తున్నాను.

మా నాన్న ఆటో దిగి ఆ మలుపు దగ్గర నిలబడ్డారు. ఆయన బస్సు డ్రైవర్‌గా 31 ఏళ్లు చేసి పోయిన ఏడాది రిటైర్ అయ్యారు. అటు చూసి, ఇటు చూసి, రెండు అడుగులు వెనక్కి వేసి, "ఇక్కడ పెద్ద బండి ఒక్క కట్టింగ్‌లో తిరగదురా. ఆపి, రివర్స్ వెయ్యాల్సిందే. ఆపావంటే పైనున్నోడికి దొరికిపోయావ్" అన్నారు.

అంతే. మొత్తం డిజైన్ అదే. నేను పది లైన్లలో చెప్పింది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశారు. దుంగలు మోసుకుంటూ వచ్చే గుంపైనా, ఏనుగైనా, ఆ మలుపులో వేగం చచ్చిపోతుంది, పక్క వైపు బయటపడుతుంది, పైన గోడ మీద వాళ్లు కాచుకుని ఉంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్లతో ఏదైనా పాత కట్టడానికి వెళ్తే, గైడ్ చెప్పేది విన్నాక వాళ్లని కూడా అడగండి. మేస్త్రీ అయితే రాయి గురించి చెప్తారు, రైతైతే చెరువు గురించి చెప్తారు. వాళ్లు చేసిన పని వాళ్ల కళ్లలో ఉంటుంది.

తోరణాల దగ్గర ఏం చూడాలి

మధ్యలో తోరణాల దగ్గరికి వెళ్దాం. వీటిని కీర్తి తోరణాలు అంటారు, కాకతీయ కళాతోరణం అని కూడా. తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2014లో చేసిన రాజముద్రలో చార్మినార్‌తో పాటు ఉన్నది ఇదే. అందుకే ఎక్కడో చూసినట్టు అనిపిస్తుంది.

ఫొటోలో ఒకటే కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఒకటే అనుకుంటారు. నాలుగు ఉన్నాయి, నాలుగు దిక్కులా. మధ్యలో ఉండే గుడి కూలిపోయింది. దాని స్తంభాలు, దూలాలు, చెక్కడాలు అక్కడే నేల మీద పరిచి ఉన్నాయి. గుడి పోయి గుమ్మాలు మిగలడం, ఇదీ ఆ చోటి ప్రత్యేకత. పక్కనే శంభులింగేశ్వరుడి గుడిలో మాత్రం ఇప్పటికీ పూజలు జరుగుతాయి.

తోరణం కింద నిలబడి మీదకి చూడండి. అడ్డదూలం మీద రెండు చివర్లా హంసలు. కింద నిలువు కంబాల పక్కన బ్రాకెట్లు, వేలాడే మొగ్గలు, దండలు. ఇదంతా రాయి. తాపీ పనిలా కాకుండా వడ్రంగి పనిలా ఉంటుంది, చెక్కని దూర్చి బిగించినట్టు. ఆ తేడా గమనిస్తే చాలు, మిగతా చెక్కడాల్ని చూసే పద్ధతే మారిపోతుంది.

దగ్గర్లోనే కుష్ మహల్. ఇది కాకతీయుల తర్వాతి కాలం కట్టడం. గోడలు కింద లావుగా ఉండి పైకి వాలుగా వెళ్తాయి, లోపల పెద్ద పెద్ద కమానులు. తోరణం చూసి వెంటనే ఇది చూడండి. ఒకటి దూలం మీద నిలబడేది, ఇంకోటి కమాను మీద నిలబడేది. రెండు రకాల ఇంజనీరింగ్ అర కిలోమీటర్ లోపు. బీటెక్ సివిల్ వాళ్లు ఉంటే ఆ తేడా మీద ఒక గంట మాట్లాడతారు, నేను సీఎస్ఈ కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

రెండు టీములు, ఒక చెట్టు

ఏకశిల గుట్ట దగ్గర ఒక చిన్న సమస్య వస్తుంది, ఇది ఏ ఊళ్లోనైనా వచ్చేదే. మెట్లు. అమ్మకి బీపీ, నాన్నకి మోకాళ్లు. మనం "మీరు ఎక్కగలరా" అని అడిగితే వాళ్లు "నాకేంటి, ఎక్కుతా" అంటారు. అది నిజం కాదు. పిల్లల ఉత్సాహం చెడగొట్టకూడదని అంటారు.

కాబట్టి అడగొద్దు. ముందే రెండు పనులు రెడీ చెయ్యండి, రెండూ పనికొచ్చేవే అవ్వాలి. మేం ఏం చేశామంటే, అక్క, బావ, నేను పైకి. అమ్మ, నాన్న, మా ఆరేళ్ల మేనకోడలు కింద చెరువు పక్కన చెట్టు కింద. వాళ్ల డ్యూటీ ఏంటంటే టిఫిన్ బాక్స్ తెరిచి ఉంచడం, పిల్లకి రుద్రమ కథ చెప్పడం. నలభై నిమిషాల తర్వాత ఇదే చెట్టు దగ్గర కలుద్దాం అని టైమ్ చెప్పాం. ఇద్దరి ఫోన్లలో చార్జింగ్ ఉందో లేదో చూసుకున్నాం.

దిగి వచ్చేసరికి పాప, "మామా, రుద్రమదేవి బస్సు నడిపేదంట కదా" అంది. కథ ఎవరు చెప్పారో మీకు అర్థమైంది కదా!

మధ్యాహ్నం: రూమ్ లెక్క

పన్నెండింటికి చాలా హోటళ్లలో చెకౌట్. అక్కడే ఆఖరి రోజు విరిగిపోతుంది. రూమ్ ఖాళీ చేస్తాం, బ్యాగులు రిసెప్షన్‌లో పెడతాం, అక్కణ్నుంచి పెద్దవాళ్లకి నడుం వాల్చడానికి చోటుండదు.

మేం రెండు రూములు తీసుకున్నాం. ఒకటి పన్నెండింటికి ఇచ్చేశాం, రెండోది సాయంత్రం దాకా ఉంచుకున్నాం. దానికి అదనంగా 900 రూపాయలు అయింది. ఆరుగురికి పంచితే తలకి 150. అదే డబ్బుతో ఇంకో చోటు చూసి ఉండొచ్చు, కరెక్టే. కానీ ఒక ఫ్యాన్, ఒక మంచం, ఒక బాత్రూమ్ ఉంటే అరవై దాటిన మనిషికి సాయంత్రం మళ్లీ మొదలవుతుంది. లేకపోతే రెండింటికే రోజు అయిపోతుంది. అడిగేటప్పుడు పొద్దున్నే అడగండి, రూములు ఖాళీ ఉంటే చాలాచోట్ల సగం రోజుకి ఇస్తారు.

ఆ ఖాళీ గంటన్నర

ఇప్పుడు అసలు పాయింట్. సాయంత్రం గంటన్నర ఖాళీగా ఉంచాం అన్నాను కదా. చిన్న చోటు అంటే కొత్తవాడలో దర్రీలు చూద్దామని అనుకున్నాం. వరంగల్ దర్రీలు తెలుసుగా, మగ్గం మీద నేసే పరుపులు, గీతలు, డైమండ్లు, గట్టి రంగులు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వాటికి. అమ్మ ఒకటి కొంది, ఎరుపు, నలుపు. అరగంటలో అయిపోయింది. ఇంకా గంట ఉంది.

"ఇంకెక్కడికైనా వెళ్దామా" అని ఊరికే అడిగాను. అందరూ ఫోన్లు తీశారు. నాన్న మాత్రం కాసేపాగి, "హనుమకొండ బస్టాండ్ ఓసారి చూద్దామేంట్రా" అన్నారు.

మీకు చెప్పాలి, మా నాన్న కొన్నేళ్లు ఈ రూట్‌లో నైట్ సర్వీస్ చేశారు. ఖమ్మం మీదుగా తెల్లవారుజామున హనుమకొండ. దింపేసి, కాస్త నిద్రపోయి, మళ్లీ బండి ఎక్కడం. వేయి స్తంభాల గుడి ఆ బస్టాండ్‌కి ఎంత దూరం ఉంటుంది? ఆటో ఎక్కితే ఇలా వెళ్లి అలా రావచ్చు. అన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. మొన్న మొదటి రోజు మాతో వస్తేనే చూశారు. వందల మందిని గుడికి చేర్చిన మనిషి.

వెళ్లాం. అక్కడ చూడ్డానికి ఏముంటుంది? బస్సులు, జనం, అనౌన్స్‌మెంట్లు. నాన్న ఒక పక్కకి చూపించి, "బండి అక్కడ పెట్టి, వెనక సీటు మీద దోమతెర కట్టుకుని పడుకునేవాణ్ని" అన్నారు. ఎదురుగా టీ కొట్టు ఉందంట, ఇప్పుడు దాని బదులు సెల్ షాప్ ఉంది. పక్కన ఇంకో బండి దగ్గర టీ తాగాం.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఫోన్ చేసి 'తిన్నావా' అంటే 'తిన్నా' అనేవారు. ఇక్కడేనా అది?" అంది. నాన్న నవ్వి, "ఏదో ఒకటి తినేవాణ్నిలే" అన్నారు. ఇంకో టీ చెప్పారు.

ఇది ఏ లిస్టులోనూ ఉండదు. "హనుమకొండలో చూడదగ్గ పది ప్రదేశాలు" అని వెతికితే బస్టాండ్ రాదు. నాలుగు పాయింట్లు పెట్టిన షెడ్యూల్ ఉంటే నాన్న నోరు విప్పి అడిగేవారు కాదు. పెద్దవాళ్లు మన ప్లాన్‌లో చోటు కనిపిస్తేనే అడుగుతారు. చోటు లేకపోతే "మీ ఇష్టం" అంటారు. ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటామో ఆలోచించండి.

ఖాళీ టైమ్ అంటే వేస్ట్ టైమ్ కాదు అనేది అందుకే. అది వాళ్ల వంతు.

అమ్మకి ట్రిప్ ఎప్పుడు అయిపోతుంది?

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. మనకి ట్రిప్ అయిపోయేది ఇంటి తాళం తీసినప్పుడు. అమ్మకి మాత్రం ఆఖరి రోజు మధ్యాహ్నమే అయిపోతుంది. రేపు పొద్దున్న పాలెలా, టిఫినేంటి, ఈ తడి తువ్వాళ్లేంటి అని లెక్క మొదలవుతుంది. పక్కనే కూర్చుని కోట చూస్తున్నట్టే ఉంటుంది, బుర్రలో గిన్నెలు తోముతూ ఉంటుంది.

దీనికి మేం చేసినవి చిన్న చిన్న పనులే. మాసిన బట్టలకి మొదటి రోజు నుంచే విడిగా ఒక సంచి. అది నేరుగా మెషిన్‌లోకి పోయేది, వేసేది నేను. పక్కింటి ఆంటీకి చెప్పి పాలు, దోసెల పిండి తెచ్చి ఉంచమన్నాం. తర్వాతి రోజు మధ్యాహ్నం దాకా వంట లేదు, బయటి నుంచే. ఇది అమ్మకి ట్రిప్‌లోనే, ఆఖరి రోజు పొద్దున్నే చెప్పేశాం. ముందు చెప్పడం ముఖ్యం. ఇంటికెళ్లాక చెప్తే ఏం లాభం, అప్పటికే ఆమె రోజంతా ఆ లెక్కల్లోనే గడిపేసి ఉంటుంది. వీలైతే మీరు కూడా ఆఫీస్ సెలవు ఒక రోజు ఎక్స్‌ట్రా పెట్టండి. చూసే చోటు ఒకటి తగ్గించి అయినా సరే.

మొత్తం ఒకసారి

స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్ల కోసం షార్ట్‌గా చెప్తాను.

ఒకటి, దూరంవి ముందు, స్టేషన్‌కి దగ్గరది ఆఖర్న. రెండు, ట్రైన్ టైమ్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి, మిగిలిన గంటల్నే రోజు అనుకోండి. మూడు, ఒక పెద్ద చోటు, ఒక చిన్న చోటు, చాలు. నాలుగు, ఒక రూమ్ సాయంత్రం దాకా ఉంచుకోండి. ఐదు, మెట్లు ఉన్నచోట "ఎక్కగలరా" అని అడక్కుండా రెండు టీములు చెయ్యండి. ఆరు, గంట ఖాళీగా వదిలి, "ఇంకెక్కడికైనా?" అని అడిగి, ఫోన్ పక్కన పెట్టి ఆగండి. ఏడు, రేపటి పనిని ఎవరు చేస్తారో ఇవాళ పొద్దున్నే చెప్పండి.

ఓరుగల్లు కాకపోయినా పర్లేదు. హంపీ అయినా, తంజావూరు అయినా, మీ జిల్లాలో మీరు ఇంకా చూడని కోటైనా సరే, లెక్క ఇదే.

వచ్చే వారం నుంచి కొత్త టాపిక్, కాకతీయుల చెరువులు. ఒక చెరువు నిండి పొర్లితే నీళ్లు కింద చెరువుకి ఎలా వెళ్లేవి, ఆ గొలుసుకట్టు ఎలా పని చేసేదో బొమ్మలు గీసి చూపిస్తాను. అప్పటిదాకా ఒక చిన్న పని చెయ్యండి. ఈ రోజు ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "నువ్వు పని మీద వెళ్లి సరిగా చూడకుండా వచ్చేసిన ఊరేదైనా ఉందా" అని అడగండి. తర్వాతి ట్రిప్ ఎక్కడికో దాంతో తేలిపోవచ్చు.

ఉంటాను మరి. నమస్తే.